పెట్టె మనది, తాళం చెవి ఎవరిది? సెట్‌టాప్ బాక్సు బయట కొనాలా, ఆపరేటర్ దగ్గరే తీసుకోవాలా

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఆరేళ్లు అద్దెకుండి మధురవాడకు మారినప్పుడు మా సామానంతా కొత్త ఇంట్లో పనికొచ్చింది, ఒక్క సెట్‌టాప్ బాక్సు తప్ప. అది మేం డబ్బు పెట్టి కొనుక్కున్నదే. కొత్త వీధిలోకి వచ్చే కేబుల్ వేరే సంస్థది. వైరు లాగడానికి వచ్చిన కుర్రవాడు మా బాక్సును బోర్లించి, అడుగున అంటించిన కాగితం మీది నంబరు చదివి, "ఇది మా దాంట్లో పనిచేయదండీ" అంటూ తన సంచిలోంచి ఇంకొకటి తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. అదే నల్ల ప్లాస్టిక్కు, అదే ఎర్ర దీపం, వెనుక అవే రంధ్రాలు. అదే ఊరు, అవే ఛానళ్లు. అయినా మళ్లీ డబ్బు కట్టాలి.

ఒళ్లు మండి డాబాగార్డెన్స్ వెళ్లాను. అక్కడ పాతికేళ్లుగా టీవీ సామాను అమ్ముతున్న ఒక పెద్దాయన దుకాణం నాకు తెలుసు. "ఏ కంపెనీకైనా పనిచేసే బాక్సు ఒకటి ఇవ్వండి" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశారు. "బాక్సు అమ్మగలను బాబూ, బొమ్మ అమ్మలేను" అని, బల్ల కింద గుట్టగా పడి ఉన్న పాత బాక్సులను కాలితో చూపించారు. చెడిపోయినవి అందులో సగం కూడా ఉండవట. మిగతావన్నీ ఇల్లు మారినవాళ్లవి, ఆపరేటర్‌ను మార్చినవాళ్లవి.

ఆ మాటే ఈ వ్యాసానికి మొదలు. బాక్సు కొనబోయేవారిలో చాలామంది హెచ్‌డీనా, మామూలుదా, రికార్డింగ్ ఉందా లేదా అని చూస్తారు. వాటికంటే ముందు అడగవలసింది ఒకటుంది: ఈ బాక్సులోకి వచ్చే బొమ్మకు తాళం ఉందా, ఉంటే దాని చెవి ఎవరి చేతిలో ఉంది?

బ్యాంకు లాకరును తలచుకోండి. ఒక తాళం చెవి మన దగ్గర ఉంటుంది, రెండోది బ్యాంకువారి దగ్గర. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కేబుల్, డీటీహెచ్ బాక్సుల్లోనూ అంతే. డబ్బు కట్టినవారికే ఛానల్ కనబడాలి కాబట్టి సంస్థలు సిగ్నల్‌ను గజిబిజి చేసి పంపుతాయి. దాన్ని సరిచేసే ఏర్పాటును ఆ రంగంలో కండిషనల్ యాక్సెస్ అంటారు. ఒకప్పుడది బాక్సులో దూర్చే కార్డు రూపంలో ఉండేది, ఇప్పుడు చాలావాటిలో లోపలి చిప్‌లోనే కలిసిపోయింది. ఒక సంస్థ వాడే తాళం ఇంకో సంస్థకు సరిపోదు. కేబుల్ బాక్సు తీగలో వచ్చే సంకేతాన్ని చదువుతుంది, డీటీహెచ్ బాక్సు ఉపగ్రహం నుంచి వచ్చేదాన్ని చదువుతుంది. ఆ రెండూ పుట్టుకతోనే వేరు కాబట్టి ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టే ప్రశ్నే లేదు. కేబుల్ నుంచి కేబుల్‌కు, డిష్ నుంచి డిష్‌కు మారినప్పుడు కూడా బాక్సు ఎందుకు పనికిరాదన్నదే అసలు గొడవ.

2013 ముందు మనకీ గొడవ లేదు. టీవీ ఎక్కడ కొన్నా, కేబుల్ ఆయన వైరు తెచ్చి వెనుక గుచ్చితే బొమ్మ వచ్చేది. ఆయన నచ్చకపోతే పక్క వీధి ఆయన వైరు గుచ్చుకునేవాళ్లం. కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో 38 నగరాలుండగా, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచి హైదరాబాద్‌తో పాటు విశాఖపట్నం కూడా వాటిలో ఉంది. గడువు 2013 మార్చి 31. బొమ్మ నాణ్యత పెరిగింది, ఛానళ్లు పెరిగాయి, బాక్సు తప్పనిసరి అయింది. దాంతో కేబుల్ ఆయనను మార్చడమంటే బాక్సునూ మార్చడమైంది.

చట్టం చేసేవారికి ఇది తెలియక కాదు. 2001 నాటి డీటీహెచ్ మార్గదర్శకాల్లోనే, ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి కూడా పనికొచ్చేలా ఉండాలనే షరతు ఉంది. అందుకోసం బాక్సులో ఒక అర ఉంచారు. కంపెనీ మారినప్పుడు ఆ అరలో కొత్త కంపెనీ కార్డు పెట్టుకుంటే చాలన్నది ఆలోచన. కాగితం మీద బాగానే ఉంది. ఆ కార్డు ధర దాదాపు కొత్త బాక్సు ధరంత ఉండటంతో ఎవరూ కొనలేదు, కొననిదాన్ని ఎవరూ అమ్మలేదు. దానికి తోడు, ముందు వచ్చిన కంపెనీలు బొమ్మను కుదించి పంపే ఎంపెగ్-2 పద్ధతిలో ప్రసారం మొదలుపెడితే తర్వాత వచ్చినవి ఎంపెగ్-4 ఎంచుకున్నాయి. పాత బాక్సుకు కొత్త భాష అర్థం కాదు, అరలో ఏ కార్డు పెట్టినా.

తర్వాత ఫోను, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో చర్చాపత్రం పెట్టి, 2020 ఏప్రిల్‌లో సిఫార్సులు ఇచ్చింది: దేశంలో అమ్మే ప్రతి బాక్సూ మార్చి వాడుకునేలా ఉండాలి, తాళం చెవిని యూఎస్‌బీలో గుచ్చుకునే చిన్న పరికరంగా విడదీయాలి, టీవీల్లో కూడా అందుకు తగిన పోర్టు ఉండాలి. సిమ్ కార్డు ఎవరిదైనా ఫోను మనదే అన్నట్టన్నమాట. సంస్థలు వ్యతిరేకించాయి. పైరసీ పెరుగుతుందని, బాక్సు ఖరీదు పెరుగుతుందని, తాము బాక్సు మీద రాయితీ ఇచ్చి తెచ్చుకున్న చందాదారుణ్ని పక్కవాడు తన్నుకుపోతాడని వాటి వాదన. మూడోది నిజాయితీగా చెప్పిన కారణమని నాకనిపిస్తుంది. సిఫార్సు సిఫార్సుగానే ఉంది. డాబాగార్డెన్స్ దుకాణంలో ఆ యూఎస్‌బీ పరికరం నాకు కనబడలేదు.

అమెరికాలో ఇదే తగవు ఇంకా పాతది, అక్కడ ఇంకా దూరం వెళ్లింది. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం 629వ సెక్షన్, కేబుల్ కంపెనీతో సంబంధం లేని దుకాణాల్లో కూడా బాక్సులు దొరికేలా చూడమని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీని ఆదేశించింది. అలా పుట్టిందే కేబుల్‌కార్డు. తాళం కార్డులో ఉంటుంది, కార్డు కంపెనీ ఇస్తుంది, బాక్సు మాత్రం ఎవరైనా తయారుచేసి అమ్మవచ్చు. టీవో అనే రికార్డింగ్ బాక్సును జనం బజారులో కొని, కేబుల్ కంపెనీ కార్డు దూర్చి వాడుకున్నారు కూడా. కంపెనీలు తాము అద్దెకిచ్చే బాక్సుల్లో సైతం కార్డే వాడాలని 2007 జులై 1 నుంచి నిబంధన పెట్టారు. సొంత బాక్సుకూ అదే కార్డయితే కంపెనీ దాన్ని సరిగ్గా చూసుకుంటుందని దాని వెనుక ఆలోచన. అయినా అద్దె బాక్సుల రాజ్యమే నడిచింది. 2015లో ఇద్దరు సెనేటర్లు లెక్క తీస్తే ఒక్కో కుటుంబం సగటున ఏడాదికి 231 డాలర్లు బాక్సు అద్దె కిందే కడుతోందని తేలింది. 2007 నాటి నిబంధనను 2014లో చేసిన చట్టం ఎత్తేసింది. 2016లో అప్పటి ఎఫ్‌సీసీ ఛైర్మన్ టామ్ వీలర్ మళ్లీ తలుపు తెరవబోయారు. సెప్టెంబరు 29న ఓటింగ్ జరగాల్సి ఉండగా చివరి నిమిషంలో ఆ అంశాన్ని పక్కన పెట్టారు. 2020లో కేబుల్‌కార్డు నిబంధనలకు కూడా స్వస్తి చెప్పారు. ఈలోగా జనం బాక్సునే వదిలేసి యాప్‌ల మీద పడ్డారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, చట్టం వచ్చి మన పెట్టెను విడిపిస్తుందని ఎదురుచూస్తూ ఇవాళ్టి కొనుగోలు వాయిదా వేసుకోవద్దని. ఉన్న దారుల్లోంచే ఎంచుకోవాలి.

తాళం లేని పెట్టె: ఫ్రీ డిష్

దుకాణంలో కొనుక్కుని, ఎవరినీ అడగకుండా వాడుకోగల బాక్సు మన దేశంలో నిజంగా ఉందంటే అది డీడీ ఫ్రీ డిష్‌దే. ప్రసార భారతి 2004 డిసెంబరులో మొదలుపెట్టింది. నెలవారీ చందా లేదు. డిష్, బాక్సు కలిపి ఒక్కసారి పెట్టే ఖర్చు సుమారు 2,000 రూపాయలు. ఎక్కువ ఛానళ్లు తాళం లేకుండా వస్తాయి కాబట్టి ఏ తయారీదారు బాక్సయినా పనిచేస్తుంది. ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు, చెడిపోతే ఏ దుకాణంలోనైనా ఇంకోటి కొనుక్కోవచ్చు. నియమాలు పుస్తకాల్లో కోరుకునేది ఇదే, ఇక్కడ ఏ నియమం లేకుండానే దొరుకుతోంది.

మన సమస్య తెలుగుది. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి వస్తాయి. కానీ రాత్రి ఎనిమిది గంటలకు మా అత్తగారు చూసే సీరియల్ ఛానళ్లు వస్తాయని నమ్మి కొనకండి. దుకాణంలో టీవీకి కలిపి ఉన్న బాక్సులో జాబితా మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూపించమనండి. మీ ఇంట్లో చూసేవి కనబడితేనే డబ్బు తీయండి. బాక్సు తీసుకునేటప్పుడు ఎంపెగ్-4దే అడగాలి. చవకగా వస్తుందని పాత ఎంపెగ్-2 బాక్సు అంటగడితే కొన్ని ఛానళ్లు ఎప్పటికీ తెరుచుకోవు.

డిష్ ఎక్కడ పెట్టాలన్నది విశాఖలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఫ్రీ డిష్ ప్రసారమయ్యే ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన ఊరి నుంచి అది దక్షిణానికి కాస్త తూర్పుగా, అంటే సముద్రం వైపు, దాదాపు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సముద్రం వైపు బాల్కనీ ఉంది కదా సరిపోతుందని లాసన్స్‌బే కాలనీలో మా స్నేహితుడొకడు సంబరపడ్డాడు. అంత ఎత్తుకు చూడాలంటే నెత్తిన ఉన్న పై అంతస్తు స్లాబు అడ్డం. చివరికి డాబా ఎక్కవలసి వచ్చింది, అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి కోసం రెండు ఆదివారాలు పోయాయి. డాబా మీద హక్కు లేనివారు ఏ డిష్ జోలికీ పోకపోవడం మేలు.

ఇంకొకటి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు చుట్టుపక్కల డాబాల మీద చూడండి, డిష్ బాగానే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే బోల్టులు తుప్పుపట్టి నారింజ రంగుకు తిరిగి ఉంటాయి. ముందుకు పొడుచుకు వచ్చే కడ్డీ చివర ఉండి సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరు బిగించే చోట రబ్బరు తొడుగు లేకపోతే లోపలికి తేమ చేరుతుంది. మొదట వానలో మాత్రమే బొమ్మ పోతుంది, తర్వాత ఎండలోనూ పోతుంది. బిగించేవాడు వెళ్లకముందే స్టెయిన్‌లెస్ బోల్టులు, రబ్బరు తొడుగు అడిగి పెట్టించుకోండి, దానికి అయ్యేది చిల్లర ఖర్చే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎగరేసుకుపోయిన డిష్‌లకు లెక్కలేదు. తుపాను హెచ్చరిక వస్తే విప్పి లోపల పెట్టడం మా వీధిలో ఇప్పటికీ ఆచారం.

ఇక్కడే ఒక చిన్న సంగతి. ఇప్పుడు కొన్ని టీవీల్లో ఉపగ్రహ ట్యూనర్ లోపలే వస్తోంది. దీనికి భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 18112 అనే ప్రమాణం కూడా తెచ్చింది. అలాంటి టీవీకి డిష్ వైరు నేరుగా బిగిస్తే తాళం లేని ఛానళ్లు బాక్సు లేకుండానే వస్తాయి. షోరూంలో అమ్మే కుర్రాడిని అడిగితే "అన్నీ ఉంటాయి సార్" అంటాడు. మీరే టీవీని తిప్పి చూడండి. మరలున్న సాకెట్ దగ్గర ఉపగ్రహం అని రాసి ఉండాలి, వివరాల కాగితంలో డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ ప్రసార పద్ధతి పేరు) ఉండాలి. కొత్త టీవీ కొనేవారికి బాక్సు, రిమోట్, ఒక ప్లగ్గు మిగులుతాయి.

ఆపరేటర్ బాక్సు: కొనాలా, అద్దెకా?

తెలుగు వినోద ఛానళ్లన్నీ కావాలంటే కేబుల్ గానీ డీటీహెచ్ గానీ తప్పదు. అక్కడ బాక్సు వారి దగ్గరే తీసుకోవాలి. ఎంపికకు మిగిలేది చెల్లించే పద్ధతి ఒక్కటే, దాన్నీ చాలామంది అడగరు. ట్రాయ్ 2017లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనలు బాక్సును పూర్తిగా కొనడానికీ, అద్దెకు తీసుకోవడానికీ వీలు కల్పించాయి. అద్దె బాక్సు చెడితే బాగుచేయించే బాధ్యత సంస్థది. కొన్నదానికి హామీ కాలం ఉంటుంది, అది దాటాక ఖర్చు మనది.

నా మాట వింటే అద్దెకే తీసుకోండి. కొన్నామన్న పేరే గానీ ఆ బాక్సు మీద మనకుండే హక్కు ఏమిటి? ఇంకో నెట్‌వర్క్‌లో వాడలేం, అమ్మలేం, మరమ్మతుకు బయట ఇవ్వలేం. ఆపరేటర్ అనుమతి ఉన్నంతవరకే అది టీవీ బాక్సు, ఆ తర్వాత ప్లాస్టిక్కు. ఉదాహరణకు బాక్సు ధర 1,500, అద్దె నెలకు 50 అనుకుంటే, రెండున్నరేళ్లు ఒకే ఇంట్లో, ఒకే ఆపరేటర్‌తో ఉంటే తప్ప కొన్న డబ్బు గిట్టదు. నౌకాదళంలో పనిచేసేవారు, బదిలీల మీద తిరిగే బ్యాంకు ఉద్యోగులు, మాలాంటి అద్దె కొంపలవాళ్లు కొనడం దండగ. సొంత ఇంట్లో పదేళ్లుగా ఒకే కేబుల్ ఆయనతో అన్నదమ్ముల్లా ఉన్న గాజువాక మా పెదనాన్నగారికైతే కొనడమే లాభం. ఆయనకు నేను చెప్పినా వినరు, ఎప్పుడో కొనేశారు.

అద్దె బాక్సుకు డిపాజిట్ కట్టించుకుంటారు. రసీదు మీద "డిపాజిట్, తిరిగి ఇవ్వబడును" అని రాయించుకోవాలి. మాకు అక్కయ్యపాలెంలో ఇచ్చిన చీటీ మీద "బాక్సు చార్జి" అని మాత్రమే ఉంది. కొన్నామనుకున్నది కొన్నామో, అద్దెకు తెచ్చుకున్నామో ఆ చీటీ చూసి ఎవరూ చెప్పలేరు, నాతో సహా. దరఖాస్తు ఫారం నకలు అడిగి తీసుకోండి. బాక్సు అడుగున ఉన్న నంబరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు మొదట అడిగేది అదే. ముందు సంస్థ టోల్ ఫ్రీ నంబరు, అక్కడ తేలకపోతే వారి నోడల్ అధికారి. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా పరిష్కరించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

కేబులా, డీటీహెచ్చా? బాక్సు దృష్టితో చూస్తే రెండింటికీ తేడా స్వల్పం. డీటీహెచ్ బాక్సు ఊరు మారినా వెంట వస్తుంది, కేబుల్ బాక్సు వీధి మారితేనే రాకపోవచ్చు. కంపెనీ మార్చితే మాత్రం డీటీహెచ్‌లో బాక్సుతో పాటు డిష్‌ను కూడా వేరే ఉపగ్రహం వైపు తిప్పించాలి. జోరువానలో డిష్ బొమ్మ ఆగుతుంది, కరెంటు స్తంభం పడితే కేబుల్ ఆగుతుంది. ఈ ఊళ్లో రెండూ జరుగుతాయి. ఖర్చు సంగతికి వస్తే, 2019లో ట్రాయ్ కొత్త చార్జీల విధానం వచ్చినప్పుడు, ఛానళ్ల ధర కాకుండా నెలనెలా కట్టే నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, జీఎస్టీతో సుమారు 153 దాటకూడదని పరిమితి ఉండేది. 2024 జులైలో దాన్ని ఎత్తేశారు, బిగింపు రుసుము మీది పరిమితినీ తీసేశారు. కాబట్టి పక్కింటివాళ్లు కట్టినంతే మీరూ కడతారని అనుకోకుండా ముందే అడగండి.

ఇంటర్నెట్‌తో కలిపి ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షన్ల బాక్సు కూడా ఆ నెట్‌వర్క్‌కే కట్టుబడి ఉంటుంది. పైన చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది.

వాడిన బాక్సు మాత్రం కొనకండి. "అన్నీ వస్తాయి" అని 300కు ఇచ్చినా సరే. పాత యజమాని పేరు మీద నమోదైన బాక్సును మీ పేరుకు మార్చడానికి ఆపరేటర్ ఒప్పుకోకపోతే ఆ 300 కూడా పోయినట్టే.

యాప్‌ల పెట్టె

అమెరికా జనం చివరికి చేరిన గట్టు మనకూ అందుబాటులో ఉంది. స్మార్ట్ టీవీ గానీ, హెచ్‌డీఎంఐలో గుచ్చే స్టిక్ గానీ బయట దుకాణంలో కొని, ఏ కంపెనీ ఇంటర్నెట్‌కైనా కలుపుకోవచ్చు. తాళం ఇక్కడా ఉంది, కానీ అది యాప్‌లో ఉంటుంది. యాప్ మారితే పెట్టె మారదు. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. వినోద ఛానళ్లు ఒక్కచోట దొరకవు: స్టార్ మా ఛానల్‌కు జియోహాట్‌స్టార్, జెమినికి సన్ నెక్స్ట్, జీ తెలుగుకు జీ5, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగూ కావాలంటే నాలుగు చందాలు, పైన ఇంటర్నెట్ బిల్లు. రెండింటితో సరిపెట్టుకునే ఇంటికి ఇదే చవక. ఛానల్ నంబరు నొక్కితే బొమ్మ రావాలనుకునే పెద్దవాళ్లున్న ఇంటికి ఇది శిక్ష. రిమోట్ పట్టుకుని మా అత్తగారు మూడు రోజులు మౌనవ్రతం పట్టారు.

ఈ దారిలో ఒక్క ఉచ్చు ఉంది. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెలు, "జీవితాంతం అన్ని ఛానళ్లూ ఉచితం" అనే మాటతో అమ్మేవి. ఆ ఛానళ్లు దొంగతనంగా వచ్చేవే. అది పక్కన పెట్టినా, ఇలాంటి చవక పెట్టెల్లో మనం కొనకముందే హానికర సాఫ్ట్‌వేర్ చొప్పిస్తున్నారని, బ్యాడ్‌బాక్స్ 2.0 అనే బాట్‌నెట్ (దొంగల చేతికి చిక్కిన పరికరాల వల) మీద అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. ఆ పెట్టె ఇంట్లో వైఫైకి కలుస్తుంది, అదే వైఫైలో మీ బ్యాంకు యాప్ ఉంటుంది. బయట ఏ బాక్సు కొన్నా బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉందో లేదో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో కనబడుతుంది. ఆ గుర్తు విద్యుత్ భద్రతకు సంబంధించినదే, సాఫ్ట్‌వేర్ మంచిదని దానర్థం కాదు. కానీ అదీ లేని పెట్టెను ఇంటికి తేవడం ఎందుకు?

మధురవాడలో మేం చివరికి కేబుల్ బాక్సు అద్దెకు తీసుకున్నాం, ఈసారి చీటీ మీద "డిపాజిట్" అన్న మాట రాసేదాకా ఆ కుర్రవాణ్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. మా గదిలోని టీవీకి స్టిక్ పెట్టుకున్నాం. అక్కయ్యపాలెం బాక్సును డాబాగార్డెన్స్ పెద్దాయన గుట్టలో వేద్దామని పట్టుకెళ్లాను. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా అడాప్టరు పీకి, దాని మీది అక్షరాలు కళ్లజోడు ఎత్తి చదివి, "పన్నెండు వోల్టులు. మీ వైఫై రూటరు అడాప్టరు కాలిపోతే ఇది పనికొస్తుంది, ఉంచుకోండి" అని నా చేతిలో పెట్టారు.

వోల్టులు, ఆంపియర్లు, పిన్ను కలిస్తే అది మాత్రం ఏ కంపెనీ రూటరుకైనా సరిపోతుందట.